దెల్ఫీనా, రొసౌరా అని రాసి ఉన్న బోర్డు

మార్చి నెలాఖరులో ఒక బుధవారం పొద్దున తర్హేలియా లితుమా కంప్యూటర్ తెరిచి కెవ్వుమంది. ఆ కేక మా వీధి చివర రొట్టెల దుకాణం దాకా వినపడింది.

మా ఊరు గ్వలసేయోలో, చర్చిలో తొలి సత్ప్రసాదం తీసుకునే ఆడపిల్లలకి తెల్ల గౌన్లు కుట్టేది ఆవిడే. అంతకుముందు వాళ్ళమ్మ రొసౌరా కుట్టేది. నా గౌనూ ఆ షాపుదే. అంచు చుట్టూ తెల్లదారంతో కుట్టిన చిన్న చిన్న పువ్వులు చూస్తే చాలు, ఎక్కడ కుట్టించారో ఎవరూ అడగక్కర్లేదు. తర్హేలియాకి అప్పటికి నలభై రెండేళ్ళు. తల్లి పోయి ఆరేళ్ళయినా బోర్డు మీద తల్లి పేరే ఉంచింది. ఎదురింటి ఫొటోగ్రాఫర్ అబ్దోన్ పోరు పెట్టగా పెట్టగా, మూడేళ్ళ క్రితం షాపు పేరుతో ఇంటర్నెట్‌లో ఒక పేజీ పెట్టుకుంది. తెరవగానే తల్లి ఫొటో, దాని కింద “1968లో ఒక్క కుట్టుమిషనుతో ఒంటరిగా మొదలుపెట్టింది” అన్న వాక్యం, ఆ కింద ఫోన్ నంబరు.

ఆ పొద్దున అవేవీ లేవు. పైన వెడల్పాటి బూడిదరంగు పట్టీ, బోసిగా. పాత కబుర్లన్నీ రెండు వరసల్లో చెల్లాచెదురుగా పడున్నాయి. ఓ పక్కన సంవత్సరాల అంకెలు.

“అబ్దోన్ గారూ! తొందరగా రండి, నా షాపు దోచేశారు!”

అబ్దోన్ చేతిలో కాఫీ కప్పుతోనే వీధి దాటి వచ్చాడు. తెర వైపు చూసి నవ్వాడు.

“దొంగలెవరూ పడలేదమ్మా. కంపెనీవాళ్ళు అందరి పేజీలూ ఇలాగే మార్చారు. నెల రోజుల్నుంచీ చెప్తూనే ఉన్నారు. మీరే ప్రతిసారీ ‘తర్వాత’ అని నొక్కి ఉంటారు.”

“నొక్కాను. అయితే మాత్రం? నన్నడక్కుండా నా షాపు సర్దేస్తారా?”

“ఇల్లు వాళ్ళది. మనం ఊరికే ఉంటున్నాం. అద్దె కూడా కట్టట్లేదాయె.”

ఆ పట్టీలో పెద్ద ఫొటో పెట్టాలన్నాడు. ఉన్నది తల్లి పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఒక్కటే. పెడితే నుదుటినుంచి ముక్కుదాకానే వచ్చింది. “అమ్మ తలుపుసందులోంచి తొంగి చూస్తున్నట్టుంది, తీసేయండి బాబూ” అంది తర్హేలియా. ఆ తర్వాత, షాపు ఎప్పుడు మొదలైందని పేజీ అడిగింది. 1968 అని కొట్టింది. వెంటనే పక్కనున్న అంకెలు 1968 దాకా బావిలో చేదలాగా దిగిపోయాయి. పేజీ పెట్టిన 2009కి కింద అంతా ఖాళీ. తర్హేలియాకి తల్లి బతుకంతా ఖాళీగా కనపడింది.

ఆ సాయంత్రమే పేజీలో రాసింది: “మా షాపు గౌను వేసుకున్న మీ పాత ఫొటోలు పంపండి, సంవత్సరంతో సహా.”

ఈస్టర్ దాటేలోపు అరవై పైగా వచ్చాయి. నాదీ పంపాను. ఆవిడ ఒక్కొక్కదాన్నీ దాని సంవత్సరం దగ్గర పెడుతూ మురిసిపోయింది. అప్పుడు క్వెంకా నగరం నుంచి ఒకావిడ 1970 నాటి ఫొటో పంపింది. షాపు ముందు తెల్ల గౌనులో, చేతిలో కొవ్వొత్తి పట్టుకున్న పిల్ల. ఆ పిల్ల తలమీదుగా బోర్డు. దానిమీద “దెల్ఫీనా, రొసౌరా” అని రెండు పేర్లు.

తర్హేలియా ఆ ఫొటోని పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి చూసింది. కింద అప్పుడే ఎవరో ముసలావిడ రాసింది: “దెల్ఫీనా పువ్వులు! ఆ చెయ్యి మళ్ళీ ఎవరికీ రాలేదు.”

తర్హేలియా ఆ ఫొటోని పేజీలో కనపడకుండా దాచేసింది. తర్వాత క్వెంకాలో ఉన్న అక్క నూబేకి ఫోన్ చేసింది.

“దెల్ఫీనా ఎవరే?”

“అమ్మతో కలిసి కుట్టేది. నువ్వు మరీ చిన్నపిల్లవి. ఇప్పుడెందుకవన్నీ?”

“నీకు తెలుసా!”

“ఊరంతటికీ తెలుసు. ఆ పేరెత్తితే అమ్మ కత్తెర కింద పెట్టేసి, ఇక వెళ్ళండి అనేది. ఎవరు చెప్తారు?”

మర్నాడు నేను మా అమ్మాయి గౌను విషయమై వెళ్తే ఆవిడ కుర్చీలో ఊరికే కూర్చునుంది. “ఒంటరిగా అని నా చేత్తో రాశాను” అంది నాతో. అంతలో పేజీలో క్వెంకా ఆవిడ ప్రశ్న కనపడింది: “నా ఫొటో ఎందుకు తీసేశారు?” అది చదివి తర్హేలియా మొహం కందగడ్డలా అయింది. లేచి, శాలువా కప్పుకుని, పక్క ఊరు చోర్దెలెగ్ వెళ్ళే బస్సెక్కింది. దెల్ఫీనా అక్కడే ఉంటోందని అబ్దోన్ చెప్పాడు. అబ్దోన్‌కీ తెలుసన్నమాట.

దెల్ఫీనాకి డెబ్బై ఎనిమిదేళ్ళు. వాకిట్లో మొక్కజొన్న గింజలు ఒలుస్తోంది. తలెత్తి చూసింది.

“రొసౌరా కూతురివి కదూ? ఆ నడకే చెప్తోంది. కూర్చో తల్లీ.”

“బోర్డు మీద మీ పేరు ఎందుకు పోయింది?” కూర్చోకుండానే అడిగేసింది తర్హేలియా.

“కడుపుతో ఉన్నాను. పెళ్ళి కాలేదు. అలాంటి దాని చేతుల్లోంచి వచ్చిన తెల్ల గౌను మా పిల్లలకొద్దన్నారు ఊళ్ళో తల్లులు. పండగ ఇంకా మూడు వారాలే. బట్టంతా కత్తిరించేశాం. ఆ గౌన్లు ఎవరూ తీసుకోకపోతే షాపు మూతే.”

“అందుకని అమ్మ మీ పేరు తీసేసిందా?”

“తీసెయ్యమన్నది నేనే. నిచ్చెన పట్టుకున్నదీ నేనే.” ఒలిచిన గింజలు గిన్నెలోకి జార్చింది. “దానికి నేనేం అనుకోలేదు. అరగంట దారే కదా, మీ అమ్మ ఒక్కసారైనా వస్తుందనుకున్నాను. మిషను చప్పుడు ఎక్కడ వినపడినా తనేనేమోనని చూసేదాన్ని. తర్వాత్తర్వాత చూడ్డం మానేశాను.”

తర్హేలియా అప్పుడు కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ మొక్కజొన్న ఒలిచారట.

తిరిగొచ్చాక ఫొటోని బయటికి తీసి, పేజీ పైన పట్టీ నిండా పెట్టింది. 1968 దగ్గర “దెల్ఫీనా, రొసౌరా కలిసి మొదలుపెట్టారు” అని రాసింది. ఎందుకు విడిపోయారో రాయలేదు. అది దెల్ఫీనా సొంత విషయం అంది. అమ్మ పరువు వీధిన పెట్టావని నూబే క్రిస్మస్ దాకా మాట్లాడలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే షాపులోకొచ్చి, ఏదో కొనడానికొచ్చినట్టు రిబ్బన్లు తడుముతూ, నాకూ తెలుసమ్మా అని చెప్పి పోయారు.

జూన్‌లో లోహా నగరం నుంచి ఒక టీచరు షాపు పేజీకి ఉత్తరం రాసింది. దెల్ఫీనా కూతురట. తర్హేలియా నన్ను పిలిచి చదవమంది, తనకి కళ్ళు ఆనడం లేదని.

“ఆ బోర్డు మీదున్నది మా అమ్మేనా? మా అమ్మ సూది పట్టడం నేనెప్పుడూ చూడలేదు. నా స్కూలు చొక్కాకి గుండీ ఊడితే పక్కింటికి పంపి కుట్టించేది.”