ఉత్తరాల మీద నేను వేసిన తేదీ

పదిహేనేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఆబిడ్స్‌లో మా చర్చిలో ప్రతి ఆదివారం అందరితోపాటు పాపాలు ఒప్పుకుంటాను. ఈ ఒక్కటి మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

తొంభైలలో నాంపల్లిలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసేదాన్ని. వచ్చిన ప్రతి ఉత్తరం మీద తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, పై సీటుకు పంపడం నా పని. నంబరు పడితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. పడకపోతే ఆ ఉత్తరం రానట్టే.

ఒక ఎండాకాలం విదేశాల నుంచి ఉత్తరాలు రావడం మొదలైంది. ఎవరో టీచర్లు, నర్సులు చేత్తో రాసినవి. అన్నింటిలోనూ ఒకటే పేరు, పోలీసులు పట్టుకుపోయిన ఒక కూలి సంఘం యువకుడిది. అతన్ని కోర్టులో హాజరుపరచండి, ప్రాణం తీయకండి అని బతిమాలారు. మా సూపరింటెండెంటు కట్ట చూసి, "అవి జర ఆగనియ్యున్రి" అన్నాడు. ఎన్నాళ్లో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. డ్రాయర్లో పడేశాను. భయమా? భయమే. కానీ మన సంగతులు వీళ్లకెందుకన్న చిరాకు కూడా లేదా నాలో?

అతని తండ్రి మొజంజాహీ మార్కెట్లో పండ్ల బుట్టలు దించేవాడు. రోజూ మధ్యాహ్నం వచ్చి నా కిటికీ దగ్గర నిలబడేవాడు.

"అమ్మా, బయటి దేశపోళ్లు రాసిన్రా? ఒక్కటొచ్చినా చెప్పున్రి. వకీలు సాబు కోర్టుల చెప్తడంట."

"ఏం రాలేదు పెద్దయ్యా."

"మంచిగ చూసిన్రా?"

"చూసిన."

నా మోకాలు డ్రాయరుకు తగులుతూనే ఉంది.

తర్వాతి వారం ఆ యువకుడు ఎదురుకాల్పుల్లో చనిపోయాడని పేపర్లో వచ్చింది. ఆ ఉదయమే సూపరింటెండెంటు, "ఇగ నంబర్లెయ్యున్రి" అన్నాడు. వేశాను. అన్నింటికీ, ఆ రోజు తేదీతోనే. ముద్ర సరిగా పడనివాటికి మళ్లీ సిరా అద్ది వేశాను, అంత శ్రద్ధ ఎందుకు చూపించానో ఇప్పటికీ అర్థం కాదు. విదేశాలకు వెళ్లిన జవాబుల్లో, మీ విజ్ఞప్తి సంఘటన జరిగాకే మాకు అందింది అని రాశారు. దానికి రుజువు నా ముద్ర.

ముందే నంబరు వేసి ఉంటే బతికేవాడా? తెలియదు. ఆ తెలియకపోవడం వెనక చాలా ఏళ్లు దాక్కున్నాను. మొన్న రిటైరయ్యాక ధైర్యం చేసి మార్కెట్‌కు వెళ్లి అడిగితే, ఆ పెద్దాయన పోయి చాలా కాలమైందన్నారు. ఆ బయటి దేశాలవాళ్లు ఆలస్యంగా రాశారనే నమ్మి పోయి ఉంటాడు. ఇక క్షమించమని ఎవరిని అడగను? దేవుణ్ణి అడగడం మరీ తేలికనిపించింది, అడగలేదు.

కానీ ఇది ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఆ ఉత్తరాలు ముందే వచ్చాయి. అతను బతికి ఉండగానే వచ్చాయి.