దవడ కింది ఊదా గీతలు

మా నాన్న, బాపు, దవడ కింద గడ్డ లేచినప్పుడు నేను పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో స్టోర్సు గుమస్తాను. ఆ నేల ఒకప్పుడు మాదే. ఈ సంగతి నేనక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరమూ లేదు, అందరికీ తెలుసు.

క్యాన్సరని, పట్నం ఆసుపత్రిలో కోబాల్టు యంత్రం కింద రోజూ కరెంటు, అంటే కిరణాలు, పెట్టించాలన్నారు. పొద్దున్నే సంగారెడ్డిలో బస్సెక్కేవాళ్ళం. తిరుగు ప్రయాణంలో నేను పటాన్‌చెరులో దిగి రెండో షిఫ్టుకు పోయేవాణ్ణి. బాపు ఒక్కరే ఇంటికి వెళ్ళేవారు.

యంత్రం నడిపే ఆపరేటరు నడివయసు ముసల్మాను. మొదటిరోజే బాపు చెంప మీద, మెడ మీద ఊదారంగుతో గీతలు గీశాడు. మెడ ఒంపు తిరిగి ఉంటుంది కనుక, కిరణం అంతటా సమంగా అందడానికి ఒక పక్క మందంగా, ఒక పక్క పలచగా ఉన్న లోహపు దిమ్మెను యంత్రం మూతికి బిగించేవాడు. వెన్నుపాము మీద పడకుండా సీసపు దిమ్మెలు అడ్డం పెట్టేవాడు. అన్నిటికీ ఆ గీతలే గుర్తు.

"కడగొద్దు సాబ్. చెమట పట్టినా జెర అద్దుకోండ్రి, అంతే," అన్నాడు.

బస్సులో షిఫ్టుకు పోయే మా పాత రైతులు బాపును చూడగానే లేచి చోటిచ్చేవారు. ఒకనాడు వెనక సీటు నుంచి ఎవడో, "దొరను పెండ్లికొడుకును జేసిండ్రు, సూడుండ్రి," అన్నాడు. నలుగురు నవ్వారు. బాపు కండువా చెంపదాకా లాక్కున్నారు.

కొన్ని వారాల తర్వాత, ఆపరేటరు దీపం దగ్గరికి లాగి చాలాసేపు చూశాడు.

"సాబ్, ఈ గీత నాది కాదు."

"గీతలన్నీ ఒక్కతీరే ఉంటయి."

"నా చెయ్యి నాకు తెల్వదా? వేలెడు పైకి జరిగింది."

బాపు పైకప్పు చూస్తూనే చెప్పారు. "రోజు సాయంత్రం నిమ్మచెక్కతోని రుద్ది కడుగుతున్న. పొద్దుగాల కాపీయింగ్ పెన్సిల్ తడిపితే ఊదరంగొస్తది, దాంతోని అద్దంల జూసి దిద్దుకుంటున్న. బజార్ల గట్ల నడుస్తనా నేను?"

ఆపరేటరు కోప్పడలేదు. "ఒక్క మాట జెప్తే అయిపోవు గద. సూదితోని పచ్చబొట్టు లెక్క చిన్న చుక్కలు పొడుస్తుంటి. ఎవ్వరికి కనబడకపోవు."

ఎవరినైనా ఏదైనా అడగడం బాపుకు అలవాటు లేదు.

గీత రోజూ కొంత జరిగిందట. సమం చేయవలసిన దిమ్మె దానితోపాటే జరిగి కిరణాన్ని చెంపకు ఎక్కువ, గడ్డ కింది అంచుకు తక్కువ పంచింది. చర్మం తట్టుకోగలిగినంత అప్పటికే పడిపోయింది కనుక తక్కువైన చోట ఇంక కలపలేమని డాక్టరు చెప్పారు. మిగిలిన రోజులు చుక్కలు పొడిపించుకుని పూర్తి చేశాం.

వానాకాలంలో ఆ కింది అంచు దగ్గరే మళ్ళీ గడ్డ తగిలింది. ఒకసారి చూపించి వద్దామన్నాను.

"పోయి ఏం జెప్పాలె? ఆయన మొఖం ఎట్ల జూడాలె?" అన్నారు బాపు.

యంత్రం నడిపే ఒక పనివాణ్ణి ‘ఆయన’ అనడం బాపు నోట నేనెన్నడూ వినలేదు. ఇంకోమారు అడగలేదు. చలికాలంలో ముందు ఆ గొంతు పోయింది, తర్వాత మనిషి.