ఎదురు రాకూడని ఆపరేటర్

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి పోస్టుకు చేరాను. ఉత్తర సరిహద్దులో ఒక కొండ కొమ్ము. మూడు వైపులా మంచు, నాలుగో వైపు లోయ. వీపున ఇరవై కిలోల సంచి. అందులో పనిముట్లు, మల్టీమీటర్, మా ఆర్మీ వర్క్‌షాపు ఇచ్చిన టెస్టు సీడీ. నాకిచ్చిన ఆర్డరు ఒకటే వాక్యం: సిగ్నల్ బంకర్‌లో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, బాగుచేయి.

వంగి బంకర్‌లోకి దూరాను. కంప్యూటర్ పెట్టెకు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ గుచ్చిన దారం వేలాడుతోంది. వంటవాడు దాచిన ఆఖరి నిమ్మకాయ అది. నెలల తరబడి డబ్బా కూరలు తింటున్న జవాన్లకు నిమ్మచెక్క లేదు, ఇనప పెట్టెకు ఉంది. నా కోపం అక్కడ మొదలైంది. ఇప్పటికీ తగ్గలేదు.

పోస్టులో ముగ్గురం తెలుగువాళ్లం, ముగ్గురం పల్నాడువాళ్లమే. నాది వెల్దుర్తి. గస్తీ దళాన్ని, అంటే పెట్రోల్‌ని, నడిపే హవల్దారుది ఎడ్లపాడు. కంప్యూటర్ ముందు కూర్చునే ఆపరేటర్‌ది రాజుపాలెం.

హవల్దారు టీ మగ్గు నా చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

"తప్పు మిషన్‌ది కాదబ్బాయ్. ఆ రాజుపాలెం పిల్లోడి చెయ్యి మంచిది కాదు. మిగతా ఇద్దరు ఆపరేటర్లు కూర్చుంటే గమ్మునుంటది. వీడు కూర్చుంటే చస్తది."

"ప్రతిసారీనా బాబాయ్?"

"ప్రతిసారీ అయితే బాగానే ఉండు. ఎప్పుడు చస్తదో దానికే తెలవదు. అదే కదా దరిద్రం!"

అంతకుముందు వారం పెట్రోల్ పొగమంచులో చిక్కుకుంది. తెర మీద మ్యాప్ చూస్తూ ఆపరేటర్ రేడియోలో దారి చెబుతున్నాడు. తెర ఒక్కసారిగా నీలమైంది. మిషన్ మళ్లీ లేచేలోపు పెట్రోల్ వేరే లోయలోకి దిగిపోయింది. ఒక జవాను కాలివేళ్లు రెండు మంచుకు పోయాయి. పోస్టు కమాండర్ సుబేదారు ఆపరేటర్ మీద రిపోర్టు సిద్ధం చేశాడు: పనికి అనర్హుడు. శుక్రవారం కాన్వాయ్‌లో ఆ కుర్రాణ్ణి దించేస్తారు. ఆపరేటర్ పనీ పోతుంది, ప్రమోషన్ కోర్సూ పోతుంది. నా చేతిలో రెండు రోజులున్నాయి.

మర్నాడు ఉదయం ఆరింటికి పెట్రోల్ బయల్దేరింది. అప్పుడే ఆపరేటర్ నీళ్ల డబ్బాతో బయటికొచ్చాడు.

"ఒరేయ్, ఎదురు రామాకరా! గోడ వైపు తిరుగు!" హవల్దారు అరిచాడు.

"అట్నే బాబాయ్."

డబ్బా కింద పెట్టి, బంకర్ గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. రైఫిళ్లు పట్టుకున్న పది మంది అతని వీపు వెనక నుంచి నడిచిపోయారు. శత్రువు తూటాకు జంకని పది మంది, నీళ్లు మోసే మనిషి ముఖానికి జంకారు. దీన్ని ధైర్యం అనమంటారా?

నేను పెట్టె విప్పాను. జనరేటర్ నుంచి వచ్చే కరెంటు కొలిచాను, సరిగానే ఉంది. ఫ్యాన్ దుమ్ము దులిపాను. డిస్కు పరీక్షించాను, బాగుంది. ఆగిపోయిన ప్రతిసారీ తెర మీద వచ్చిన తప్పు పేరు చూశాను. ఒకసారి ఒకటి, ఇంకోసారి ఇంకొకటి. ఒకే ప్రోగ్రాం చెడితే ఒకే ఫిర్యాదు వస్తుంది. రోజుకో ఫిర్యాదు వస్తే మెమరీని అనుమానించాలి.

"మెమరీ చూశాం, పాసైంది" అన్నారు మిగతా ఆపరేటర్లు. వాళ్లు చేసింది అయిదు నిమిషాల పరీక్ష. పూర్తి పరీక్షకు పగలంతా కావాలని సుబేదారును అడిగాను.

"పెట్రోల్ బయట ఉంది. మ్యాప్ ఎవడు చూస్తాడు?"

"కాగితం మ్యాప్ ఉంది సాబ్. ఆపరేటర్ ఉన్నాడు."

ఆయన నన్ను తినేసేలా చూసి, సరేనన్నాడు.

సీడీ పెట్టి పరీక్ష నడిపాను. మొదట్లో అంతా శుభ్రం. మెమరీ చివరి భాగానికి వచ్చేసరికి తెర మీద ఎర్ర గీతలు వరుసకట్టాయి. లోపల రెండు మెమరీ చిప్‌లున్నాయి. ఒకటి తీసేసి, ఒక్కదాన్నే నడిపాను: శుభ్రం. అదే గాడిలో రెండోది పెట్టాను: ఎరుపు. దాన్నే పక్క గాడిలోకి మార్చాను: మళ్లీ ఎరుపు. గాడి తప్పు కాదు, చిప్ తప్పు. ఇంతే. ఇందులో మంత్రం లేదు. ఒకసారికి ఒక్కటి మార్చి చూసే ఓపిక ఉంటే చాలు.

నా వెనక ఆపరేటర్ కాగితం మ్యాప్ మీద వంగి ఉన్నాడు. మళ్లీ పొగమంచు దిగింది. రేడియోలో హవల్దారు గొంతు వచ్చింది.

"కంట్రోల్, కుడిపక్క రాతిగోడ తగిలింది. ఏం జెయ్యాల? ఓవర్."

"దాన్ని ఆనుకునే దిగు బాబాయ్. కిందికొచ్చినాక వాగు దాటొద్దు. ఓవర్."

పెట్రోల్ వేళకు వచ్చింది. అందరి వేళ్లూ ఉన్నాయి. తీసుకొచ్చింది మంచిది కాదన్న ఆ చెయ్యే.

హవల్దారుకు ఎర్ర గీతలు చూపించాను.

"మిరప గోడౌన్ ఉందనుకో బాబాయ్. వెనక మూల కప్పు కారుతోంది. వాకిట్లో పది బస్తాలు వేసుకున్నోడివి తడవవు. వెనకదాకా నింపినోడివే తడుస్తయ్. మీ ఇద్దరు ఆపరేటర్లు రెండు మెసేజ్‌లు కొట్టి మూసేస్తారు. వీడు మొత్తం మ్యాపు, పాత దారులు, ఫొటోలు అన్నీ తెరిచి పనిచేస్తాడు. చెడిన మూలదాకా పోయేది వీడొక్కడే. పనిచేసినందుకు దొరికాడు."

హవల్దారు గడ్డం గోక్కున్నాడు.

"సరే, చిప్పే చెడింది. మరి వీడొచ్చినాకే ఎందుకు చెడిందంట?"

మీరు నవ్వుతారు. నేను నవ్వలేదు. సాక్ష్యం కళ్లముందు పెట్టినా మూఢనమ్మకం చావదు, ఒక మెట్టు వెనక్కి జరిగి కూర్చుంటుంది. అక్కడినుంచి మళ్లీ అదే మనిషి వైపు వేలు చూపిస్తుంది.

సుబేదారు రిపోర్టు చింపేశాడు. మంచి చిప్ ఒక్కదానితోనే మిషన్ నడిపాం. నెమ్మదించింది గాని మళ్లీ ఆగలేదు. శుక్రవారం కాన్వాయ్ ఆపరేటర్ లేకుండానే దిగింది. పెట్రోల్ బయల్దేరేటప్పుడు అతను గోడ వైపు తిరగాలన్న ఆర్డరు కూడా రద్దు చేయమన్నాను. సుబేదారు నా భుజం తట్టాడు.

"ఉండనీ. కుర్రాళ్లకు ధైర్యంగా ఉంటుంది. పోయేదేముంది?"

పోయేదేముందని అడిగేవాడికి ఎప్పుడూ ఏమీ పోదు. పోయేది గోడకు ముఖం పెట్టినవాడిది. ఆ మాట ఆయన ముఖం మీదే అన్నాను. దానికి వారం రోజులు అదనపు కాపలా వేశారు. ఇంకో వారం వేసినా అనేవాణ్ణి.

మార్చిలో ఆపరేటర్, నేను కలిసి సెలవు మీద దిగాం. రాజుపాలెంలో అతనితో పాటు బస్సు దిగాను, వాళ్లింట్లో భోంచేసి వెళ్లమన్నాడని. పొద్దున ఎనిమిదికే ఎండ. రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. అతను నవ్వుతూ ఏదో చెబుతున్నాడు. మాకు ఎదురుగా, కూలికి వెళ్లే ఆడవాళ్లతో నిండిన ఆటో ఒకటి స్టార్టయింది. అతని మాట ఆగింది. చేతిలో ట్రంకుపెట్టె కింద పెట్టాడు. పక్కనున్న ఎరువుల కొట్టు గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. ఆటోలో ఎవరూ అతన్ని ఎరగరు. ఎవరూ ఏమీ అనలేదు. ఆటో వెళ్లిపోయింది. అతను పెట్టె ఎత్తుకుని, ఆపిన చోటినుంచే మాట అందుకున్నాడు.

"ఏందిరా అది?" అన్నాను.

"ఏందన్నా?" అన్నాడు, నిజంగానే తెలియక.

ఆ పోస్టు మంచు మరిచాను, ఆ చలి మరిచాను. పచ్చ సున్నం వేసిన గోడా, దానికి అంగుళం దూరంలో అతని ముఖమూ, చెమటకు తడిసిన చొక్కా వీపూ మాత్రం ఇప్పటికీ నా ముందే ఉన్నాయి.