పొయ్యి పక్కన నా పీట

ఆ ఊగడం ఆపి సరిగ్గా కూర్చో చిన్నీ. చెప్పింది చెప్పినట్టు టైప్ చెయ్యి, సొంత తెలివి కలపకు. నిన్న ఈ ఏడాదికి మొదటిసారి ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ ఆన్ చేశారా, ఇంకా ఇల్లంతా ఆ కాలిన దుమ్ము వాసనే. అది తగిలితే చాలు, నాకు మా పొయ్యే గుర్తొస్తుంది.

మా నాన్న ఈ కెనడాలోనే, విన్నిపెగ్‌కి దూరంగా ఓ పల్లెటూరి బళ్ళో మేష్టారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఇల్లంతటికీ హాల్లో ఒక్కటే ఇనప కట్టెల పొయ్యి. దానిమీద నారింజ తొక్కలు కమురుతుండేవి, పైన తీగ మీద తడి మేజోళ్ళు ఆవిర్లు కక్కుతుండేవి, పక్కన మా అమ్మ పాత శాలువా కప్పుకుని ఇడ్లీపిండి గిన్నె మహారాణిలా కూర్చునేది. ఆ చలికి పిండి అక్కడ తప్ప ఇంకెక్కడా పులిసేది కాదు. గిన్నె పక్కన పీట నాది. తలంటు పోసిన రోజున అమ్మ నన్ను దానిమీద కూర్చోబెట్టి, జుట్టు పాయలు పాయలుగా విడదీసి ఆ సెగకే ఆరబెట్టేది.

ఇప్పటిలా బస్సు నిండా మన తెలుగు స్టూడెంట్లు కాదు, అప్పుడు వెతికితే ఒకళ్ళో ఇద్దరో. క్రిస్మస్ సెలవులకి విన్నిపెగ్ యూనివర్సిటీ హాస్టల్ మూసేస్తే నాన్న ఒక స్టూడెంట్‌ని ఇంటికి తీసుకొచ్చారు. శారద, గుంటూరు పిల్ల. "లేవే, అక్క వణికిపోతోంది" అని అమ్మ నన్ను లేపి తనని నా పీట మీద కూర్చోబెట్టింది. ఆ జుట్టా, నడుం దాటి ఉంది. అమ్మ దాన్ని ఆరబెడుతూ నవ్వుతుంటే నాకు పొయ్యికంటే ఎక్కువ మంట. ఆ సాయంత్రం గిన్నె మీద శాలువా కప్పింది శారదే. తిట్లు తనకే పడతాయని, ఎవరూ చూడకుండా ఆ గిన్నెని తీసుకెళ్ళి వీధి తలుపు పక్కన పెట్టేశా.

తెల్లారేసరికి పిండి చలికి గడ్డకట్టి రాయి. "ఎవరే ఈ పని చేసింది?" అంది అమ్మ. శారద నా మొహం ఓసారి చూసింది. "నేనేనండీ పిన్నిగారూ, కాలికి అడ్డమొస్తోందని జరిపా" అంది. అమ్మ తిట్టిందా? "పోన్లేమ్మా, కొత్తదానివి" అని ఆ రోజు జడ కూడా వేసింది! నా తప్పు తన నెత్తినేసుకుని, ఆ జడా తనే కొట్టేసింది.

అమ్మకి నిజం చెప్పనేలేదు. అమ్మ పోయింది, ఆ ఇల్లు పడగొట్టేశారు, పొయ్యి ఏ పాతసామాన్లలో కలిసిందో. ఇప్పుడు గోడ మీద బటన్ నొక్కితే అన్ని గదులూ ఒకేలా వెచ్చబడతాయి, ఒకరి చోటు ఒకరు లాక్కునే పనే లేదు. అలాగే అనుకున్నా. కానీ బేస్‌మెంట్‌లో అద్దెకుండే హారిక ఉంది చూడు, వంటంతా మన వంటింట్లోనే. మీ అమ్మకి పొద్దస్తమానం "మా హారిక, మా హారిక". రాత్రి ఆ పిల్ల వేడిగాలొచ్చే జాలీ పక్కన పిండిగిన్నె పెట్టుకుంది. ఇదీ టైప్ చెయ్యి, ఫరవాలేదు. అందరూ పడుకున్నాక నేను మెల్లిగా వంగి ఆ జాలీ మూత మూసేసి...

"అమ్మమ్మగారూ! పిండి ఎందుకో పులవలేదండీ. మీకిష్టమని ఉల్లిపాయ అట్లేశా. మొదటిది మీకే, చల్లారిపోతోంది, రండి!"