ఎత్తేసిన ఎర్రగుడ్డలు

పర్చూరు పక్క పల్లెలో సాల్మన్‌ని అందరూ మంచు సాల్మన్ అంటారు. ఎగతాళికేలెండి. ఎనిమిదేళ్ళ కిందట ఓ కాంట్రాక్టరు అతన్ని అంటార్కిటికాలో ఒక శిబిరానికి వంటసాయానికి తీసుకెళ్ళాడు. ఒక్క వేసవి చేసొచ్చాడు. టీకొట్టు దగ్గర పెంగ్విన్ల గురించి అడిగితే సంబరంగా చెబుతాడు. విమానం మాటెత్తితే మాత్రం గ్లాసు అక్కడ పెట్టేసి లేచిపోతాడు.

శిబిరాల మధ్య సరుకులు మోసే చిన్న విమానం అది. మంచు మీద జారడానికి చక్రాల చోట పొడుగాటి బద్దలుండేవి. దాన్ని నడిపే మార్క్ పెద్ద వయసు తెల్లాయన. సాల్మన్ పట్టుకెళ్ళిన పండుమిరప పచ్చడిని రొట్టెకు రాసుకుని, ముక్కు చీదుకుంటూ మళ్ళీ అడిగి తినేవాడు. అక్కడ మబ్బు పట్టిందంటే నేలా ఆకాశమూ ఒకటే తెలుపు. నేల ఎంత కింద ఉందో పైనున్నవాడికి అంతుపట్టదు. అందుకని దిగే దారి పొడుగునా ఎర్రగుడ్డలు పరిచి మంచుగడ్డలు బరువు పెట్టేవాళ్ళు. ఆ పని సాల్మన్‌ది. కల్లంలో మిరపకాయ ఆరబోసినట్టే ఉండేదట అతనికి.

ఒకరోజు మార్క్, ఒక మెకానిక్కు కలిసి వెళ్ళారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్ముకొచ్చింది. ఇక్కడ చూడండి మనవాడి నిర్వాకం. బుద్ధెరిగినప్పటి నుంచీ మిరప కల్లాల్లో పెరిగిన మనిషి. మబ్బు కనబడితే పరిచింది ఎత్తెయ్యాలని అతని చేతులకు తెలుసు, అవి బుర్రను అడగవు. ముప్ఫై గుడ్డలూ చకచకా ఎత్తి, దులిపి, మడతపెట్టి షెడ్డులో దాచాడు. తడవకుండా కాపాడానని సంతోషపడ్డాడు కూడా.

అప్పుడు వినబడింది విమానం చప్పుడు. మబ్బులో ఒక చుట్టు, రెండో చుట్టు.  సాల్మన్ గుడ్డలు చంకనబెట్టుకుని పరుగెత్తాడు గానీ, గాలికి ఒక్కటీ నేలమీద నిలవలేదు. మూడో చుట్టు తిరక్కుండానే చప్పుడు దూరంగా పోయి ఆగిపోయింది. నాలుగో రోజున విమానం దొరికింది. ఇద్దరూ చనిపోయి ఉన్నారు.

గుడ్డలేమయ్యాయని శిబిరంలోవాళ్ళు అడిగారు. గాలికి కొట్టుకుపోయాయన్నాడు. నమ్మారు. భుజం తట్టి వేడి టీ చేతికిచ్చారు. పాపం అందామంటే నాకు మనసొప్పదు. కానీ ఆ అబద్ధం అతన్ని నిద్రపోనివ్వలేదు, అదీ నిజమే.

అప్పటి నుంచీ ఊళ్ళో మబ్బు పట్టినప్పుడల్లా సాల్మన్‌కి ఆ చప్పుడు వినిపిస్తుంది. భార్య ప్రేమమ్మ ఒక్కతే కాయ తడవకుండా కల్లం మీద పట్టాలు లాగుతుంటే, అతను పైకి చూస్తూ నిలబడిపోయేవాడు. పనిదొంగ అని ఆమె తిట్టిపోసేది. 

ఈ మార్చిలో కౌలు చేలో పండిన కాయంతా కల్లంలో ఉంది. ఏడాది తిండి అదే. పొద్దున్నే పడమట నల్లగా లేచింది. ప్రేమమ్మ పట్టా లాగబోతే సాల్మన్ రెండో కొస గట్టిగా పట్టుకున్నాడు.

"కప్పొద్దు ప్రేమా. వాళ్ళు దిగాల."

ఈ మనిషికి మతి పోయిందనుకుంది ఆమె. పట్టా కొస వదలకుండానే, ఏడుస్తూ, అంతా చెప్పేశాడు. గుడ్డలు మడతపెట్టడం, ఆ చుట్లు, ఆ టీ.

"గాలి కాదే. నేనే ఎత్తేశా, ఈ చేతుల్తో."

ప్రేమమ్మ తిట్టలేదు, ఓదార్చనూ లేదు. చినుకు పడింది. పట్టా లాగడం మొదలుపెట్టింది. ఇన్నేళ్ళలో మొదటిసారి సాల్మన్ కూడా లాగాడు. కల్లం నడిమధ్య ఒక్క పొడుగాటి వరస మిగిలింది. మేలురకం కాయ అది. దాని పట్టా చేతిలో పట్టుకుని ఆమె ఆగింది.

"ఈ మాత్రం ఎరుపు చాలుద్దా వాళ్ళకి?"

సాల్మన్ తల ఊపాడు. ఆమె పట్టా పక్కన పడేసింది. వాన జోరందుకుంది, ఎర్రగా పరుచుకున్న కాయ తడిసిపోతోంది. ప్రేమమ్మకు వాన తప్ప ఏమీ వినబడలేదు. సాల్మన్‌కి మాత్రం వినబడుతూనే ఉంది. ఒక చుట్టు, రెండో చుట్టు. ఆమె చెయ్యి పట్టుకుని మూడో చుట్టు కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు.