మిషనక్క ఖాళీ చేయించిన ఇల్లు

ఆవిడను ఆ వీధిలో అందరూ మిషనక్క అనే పిలిచేవారు. మూడంతస్తుల పాత బిల్డింగులో నడిమి అంతస్తు గది ఆవిడది. కిటికీ పక్కన కుట్టుమిషను, గోడ నిండా బడిపిల్లల యూనిఫారాలు, వెనక మంచం, మంచం కింద వంటసామాను. భర్త పోయాక కూతుర్ని ఆ గదిలోనే పెంచి, అక్కణ్నుంచే అత్తారింటికి పంపింది. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది అనేవారు ఇరుగుపొరుగు. నోటి సంగతిలో మాత్రం ఎవరికీ అనుమానం లేదు.

పక్క స్థలంలో రేకుల ఇళ్లు కొట్టేసి, పెద్ద అపార్టుమెంటు కోసం గొయ్యి తవ్వడం మొదలయ్యాక, ఈ బిల్డింగు ఓనరుకూ ఆశ పుట్టింది. "పాతబడిపోయింది, ఎప్పుడు కూలుతుందో తెలీదు, ఖాళీ చేయండి" అని గుమస్తాను పంపాడు. ఊరి చివరికి పోతే పనులెలా, పిల్లల చదువులెలా? మిషనక్క అందరినీ కూడగట్టి కోర్టులో కేసు వేయించింది. నీళ్లు ఆపేస్తే వీధి కుళాయి దగ్గర వంతులు వేసి మోయించింది. గుమస్తా మనుషుల్ని వెంటేసుకొచ్చిన రోజున మెట్లకు అడ్డంగా కూర్చుని, "నన్ను దాటి పైకెళ్లు, చూద్దాం" అంది. అతను దాటలేదు.

పై అంతస్తు ఆటోడ్రైవరు మధ్యలో మెత్తబడ్డాడు. చంటిపిల్ల తండ్రి. బావమరిది వేరేచోట గది కూడా చూసిపెట్టాడు. "నువ్వు కదిలితే నీ వెనకే అందరూ జారుకుంటారు తమ్ముడూ, ఆగు" అని మిషనక్కే బతిమాలింది. అతను ఆ గది వదులుకున్నాడు.

ఆ వానాకాలం ఆవిడ గది తలుపు నేలకు రాసుకోసాగింది. చెక్క ఉబ్బిందనుకుంది. తర్వాత గొయ్యి వైపు గోడ మీద వెంట్రుకలాంటి గీత ఒకటి దిగింది. దాని మీద క్యాలెండరు తగిలించింది. కొన్నాళ్లకు గీత క్యాలెండరు దాటి కిందికొచ్చింది. అప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెబితే గుమస్తా మాటకు వంత పాడినట్టే కదా?

ఒక పొద్దున పై అంతస్తు నుంచి కేకలు వినిపించాయి. డ్రైవరు భార్య. తలుపు తెరుచుకోవడం లేదు. లోపల ఆమె, చంటిది. డ్రైవరు అప్పటికే బండి తీసుకుని వెళ్లిపోయాడు. మిషనక్క పరుగున వెళ్లి భుజంతో తోసింది. తలుపు రాయిలా ఉంది. కింద ఉండే తాపీమేస్త్రీ గునపం తెచ్చి సందులో దూర్చాడు. ఒత్తుతుంటే పైనుంచి పెచ్చులు ఇద్దరి తలల మీదా రాలాయి. లోపల పిల్ల గుక్కపట్టింది.

"పిల్లని ఎత్తుకుని అవతలి గోడ దగ్గరికి పోమ్మా!" అని అరిచింది మిషనక్క.

తలుపు రెక్క ఊడి వచ్చింది. తల్లీబిడ్డా బయటపడ్డారు. మేస్త్రీ మాత్రం కదల్లేదు, గుమ్మం పైభాగం తడిమి చూస్తున్నాడు.

"ఇది ఉత్తినే బిగుసుకోవడం కాదక్కా. పై బరువంతా దీని మీద కూర్చుంది. గొయ్యి వైపు గోడ జారుతోంది."

"ఆగుతుందా?"

"ఇవాళ పడొచ్చు, ఏడాది ఆగొచ్చు. నా పిల్లల్ని మాత్రం ఇక్కడ ఉంచను."

ఎవరినీ కదలొద్దని ఒట్లు వేయించుకున్న మనిషి, ఇప్పుడు పొమ్మంటే ఎవరు నమ్ముతారు? మిషనక్క గోడకు ఆనుకుని నిలబడింది. పిల్ల ఏడుపు ఇంకా ఆగలేదు. ఆ ఏడుపే ఆవిణ్ని కదిలించింది. తలుపు తలుపూ బాదుకుంటూ దిగింది.

"పొయ్యిలార్పి బయటికి రండి! సామాన్లు తర్వాత, ముందు మనుషులు!"

"నిన్నటిదాకా కదలొద్దన్నావ్, ఇవాళ గెంటేస్తున్నావ్. ఓనరు దగ్గర ఏమైనా ముట్టిందా ఏంటి?" అంది రోజూ ఆవిడ పక్కన కూర్చుని గుండీలు కుట్టిపెట్టే పొరుగింటామె. మిషనక్క ఆమె చెయ్యి పట్టుకుని బరబరా కిందికి లాక్కొచ్చింది.

కబురు తెలిసి గుమస్తా రెక్కలు కట్టుకుని వాలాడు. ఒక్కొక్కరినే పంపి సామాన్లు తీయించి, గేటుకు కొత్త తాళం వేశాడు. డ్రైవరు వచ్చేసరికి భార్య రోడ్డు మీద, పరుపుచుట్ట మీద కూర్చుని ఉంది.

"దొరికిన గది పోగొట్టావ్, ఇప్పుడు ఉన్న ఇల్లూ పోగొట్టావ్!" అని మిషనక్క మీదికి వచ్చాడు. "తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టిస్తే సరిపోయేది కదా!"

"సరిపోయేది కాదు తమ్ముడూ."

"మరి కూలిందా? ఏదీ, చూపించు!"

బిల్డింగు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. పైన ఎవరిదో చొక్కా తీగ మీద ఊగుతోంది. ఒక్క ఇటుకైనా రాలితే బాగుండునని ఆ క్షణాన మిషనక్క కోరుకుంది. కోరుకున్నందుకు తనను తానే తిట్టుకుంది.

ఆ రోజు కూలలేదు. ఆ వారమూ కూలలేదు. మనుషులు తలో దిక్కూ చెదిరిపోయారు. కోర్టులో ఓనరు వకీలు, వాళ్లంతట వాళ్లే ఖాళీ చేశారని చెప్పాడు. మిషనక్క ఒక లాండ్రీ వెనక చిన్న చోటు చూసుకుని మిషను వేసుకుంది.

కేసు తేలకముందే ఓనరు బిల్డింగు కొట్టించిన రోజున పాతవాళ్లు చాలామంది వచ్చారు. యంత్రం పైమూలను అలా తాకిందో లేదో, గొయ్యి వైపు గోడ, డ్రైవరు గది, మెట్లు ఒక్కసారిగా కుప్పకూలాయి. యంత్రం నడిపేవాడే దూకి పరిగెత్తాడు. దుమ్ము తగ్గాక డ్రైవరు మిషనక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఆ రోజు నేనన్న మాట..."

"అన్నావులే. నిన్ను ఆగమన్నది నేనే కదా. అది ఎవరితో చెప్పుకోను?"



పొరుగింటామె మాత్రం, మిషనక్క ఓనరు దగ్గర డబ్బు తీసుకుందనే ఇప్పటికీ అంటుంది. బిల్డింగు పోయినా, తమకు రావలసినదాని కోసం కేసు ఇంకా నడుస్తోంది. వాయిదా ఉన్న రోజున మిషనక్క పని ఆపేసి కోర్టుకు వెళుతుంది. ఒక్కోసారి మేస్త్రీ తోడు వస్తాడు. డ్రైవరు లోపలికి రాడు గానీ, ఆవిణ్ని తన బండిలో గేటు దాకా దింపి వెళతాడు.