హాజీ గారికి పంపిన ఫైలు

నా నోట స్తుతి ఉంచిన దేవునికి వందనాలు. నన్ను విడిచిపెట్టక సరిదిద్దిన ఆయనకే మహిమ.

మొన్న బందరులో ఒక దుకాణంలో కొత్త కలంకారీ దుప్పటి విప్పగానే కరక్కాయ, గేదెపాలు కలిసిన పచ్చి వాసన వచ్చింది. ఆ వాసన నన్ను ఇరవయ్యేళ్ళు వెనక్కి తీసుకుపోయింది. పెడనలో ఆనందరావు గారి అద్దకం షెడ్డు. కిటికీ అవతల కాలవలో గుడ్డలు జాడిస్తున్నారు, ఎరుపు నీళ్ళ మీద నిద్రలోలా సాగిపోతోంది. ఉత్తరాలు, బిల్లులు రాసే గుమాస్తాగా నేను కంప్యూటర్ ముందున్నాను.

ఆనందరావు గారు యజమాని, మా చర్చిలో సంఘపెద్ద. ఎగుమతి మూట కుట్టేముందు దానిమీద చెయ్యిపెట్టి, అందుకునేవారి పేరు చెప్పి ప్రార్థించేవారు. ఆ మూటతో వెళ్ళే ఉత్తరం రాసినవాళ్ళు ఆమెన్ అనాలి. అంటే నేనే.

హాజీ గారనే వ్యాపారి సముద్రం అవతల నుంచి మా గుడ్డ కొనేవారు. ఆయన దేశంతో వ్యాపారం చేయకూడదని పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టాయి. మా సరుకు సగం కొనే ఇంకో విదేశీ కంపెనీ మనిషి నాకొక ఫైలు పంపి, బిల్లుతోపాటు హాజీ గారికి పంపమన్నాడు. ఆయన తెరిస్తే ఆయన కంప్యూటర్ లోపలంతా వాళ్ళకు కనిపిస్తుందట. ఆంక్షలు దాటి ఎవరెవరు సరుకు అమ్ముతున్నారో తెలుస్తుందట. చెడ్డ ప్రభుత్వం మీద దేవుడు నన్ను వాడుకుంటున్నాడనుకుని పంపేశాను.

ఆ మధ్యాహ్నమే హాజీ గారి మూట సిద్ధమైంది. ప్రార్థన ముగిసింది. నా పెదవులు కదల్లేదు.

"ఏమ్మా సుకుమారీ, ఆమెన్ అనవేం? నోట్లో బందరు లడ్డూ ఇరుక్కుందా?" అన్నారాయన. మూటలు కుట్టే మార్తమ్మ కిసుక్కున నవ్వింది.

చెప్పేశాను. ఆయన చెయ్యి మూటమీదే ఉండిపోయింది.

"ఆ దేశం తప్పుచేస్తే అడిగేవాళ్ళు అడుగుతారు. ఆంక్షలు వద్దని నేననను. కానీ హాజీ గారు అది తెరిచేది మన పేరు చూసి కదమ్మా!"

"ఈ సంగతి తెలిస్తే కంపెనీవాళ్ళు ఆర్డర్లు ఆపేస్తారండీ."

"ఆపుకోనీ. ఆయన తెరిచేలోపు ఫోన్ చెయ్యి, పద."

ఎస్టీడీ బూత్‌లో ఆయన నా పక్కనే నిలబడ్డారు. వచ్చీరాని ఇంగ్లీషులో ఒప్పుకున్నాను. హాజీ గారు చాలాసేపు మాట్లాడలేదు. ఇంకా తెరవలేదని మాత్రం చెప్పి పెట్టేశారు. మళ్ళీ గుడ్డ అడగలేదు. జరిగింది కంపెనీకీ రాశాం. వాళ్ళూ మానేశారు. షెడ్డులో సగం పని కూడా మిగల్లేదు. కుట్టే మూటలు లేక మార్తమ్మ వరినాట్లకు వెళ్ళింది.

"కొనేవాళ్ళు ఇద్దరూ పోయారు కదండీ," అని ఏడ్చాను.

"పోయారు. ఆదివారం ప్రభువు బల్లకి రా. మార్తమ్మ పక్కన కూర్చో."

కూర్చున్నాను. ఆమె నావైపు చూడలేదు. అందరూ పంచుకునే రొట్టె పళ్ళెం మాత్రం నా చేతికందించింది.

ఆనందరావు గారు ప్రభువు సన్నిధికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. హాజీ గారు ఉన్నారో లేదో తెలియదు. వార్తల్లో ఆయన దేశం పేరు వస్తే ఆ ఫోన్లోని మౌనమే నాకు వినిపిస్తుంది. దేవుడు నాలో ఉంచిన భారం అది. చదివే మీరూ ఒక్క క్షణం కళ్ళు మూసుకోండి. ఆంక్షలు పెట్టే దేశాల కోసం, వాటి కింద బతికే ఇళ్ళ కోసం, మన మాట నమ్మినవాళ్ళ కోసం నాతో కలిసి ప్రార్థించండి.